‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ రీటెల్లింగ్ చదవడం ఎలా: పెన్సిల్ పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా

“కథ ముందే తెలుసు కదా, ఇంక చదవడానికేముంది?” “వంద పేజీలయ్యాక బోర్ కొట్టి వదిలేశాను.” “పేర్లన్నీ కలిసిపోతున్నాయి.” “ఇందులో హీరో ఆ అమ్మాయిని బంధించాడు, దీన్ని ప్రేమకథ అంటారేంటి?” రొమాంటిక్ ఫాంటసీలో రీటెల్లింగ్స్, అంటే పాత కథనే కొత్తగా తిరగరాసిన నవలలు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి అలసిపోయాను కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ఉదాహరణకు ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ (శాపం వల్ల మృగంగా మారిన రాజకుమారుడు, అతని కోటకు వచ్చిన అమ్మాయి కథ) ఒక్కటే తీసుకుంటున్నాను. ఈ పద్ధతి పట్టుబడితే సిండ్రెల్లాకీ, స్లీపింగ్ బ్యూటీకీ మీరే వాడుకోవచ్చు.

ముందే ఒక మాట. తర్వాత ఏమవుతుందో అనే ఆత్రంతో ఈ పుస్తకాలు చదివితే నిరాశే మిగులుతుంది, ఎందుకంటే ముగింపు అందరికీ తెలిసిందే. పాత కథను రచయిత ఎక్కడ కదిలించారో అక్కడ చూడాలి. కింద చెప్పేదంతా ఆ చోట్లను పట్టుకోవడానికే.

## 1. కొనేముందు: చేతిలో ఉన్నది ఏ రకం?

రీటెల్లింగ్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. కొన్ని పాత కథనే వరస తప్పకుండా చెబుతూ, పాత్రల మనసుల్లోకి వెళ్లి మూడొందల పేజీలు చేస్తాయి. కొన్ని అస్థిపంజరం మాత్రం ఉంచుకుని దేశం, కాలం, మాయ అన్నీ మార్చేస్తాయి. ఇంకొన్ని రెండు మూడు పాత కథలను కలిపి కొత్తది వండుతాయి. మొదటి రకం అనుకుని మూడో రకం తెరిస్తే “అసలు కథ ఎప్పుడు మొదలవుతుంది?” అని ఎదురుచూస్తూ సగం పుస్తకం అయిపోతుంది.

నా అనుభవం చెబుతాను. అట్ట బాగుందని ఒక పుస్తకం తెచ్చుకున్నాను. నలభై పేజీలైనా ఎవరికి ఎవరు శత్రువో తెలియదు. నా ఇంగ్లీషే చాలడం లేదేమో అనుకుని కాసేపు బాధపడ్డాను కూడా. తీరా చూస్తే అది సిరీస్‌లో మూడో భాగం. ఆ సంగతి లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది.

ఇంకో జాగ్రత్త వయసు గురించి. అట్ట మీద గులాబీ ఉన్నంత మాత్రాన అది పిల్లల పుస్తకం కాదు. ‘యంగ్ అడల్ట్’ అని ఉంటే టీనేజీ వాళ్లకు రాసింది, ‘అడల్ట్’ అని ఉంటే పడకగది సన్నివేశాలు వివరంగా ఉండొచ్చు. పాఠకులు దీన్నే ‘స్పైస్’ అంటారు, రివ్యూల్లో మిరపకాయ బొమ్మలు పెట్టి కొలుస్తారు. మేనకోడలికి పుట్టినరోజు కానుకగా కొనబోయి, చివరి నిమిషంలో ఆ మిరపకాయలు లెక్కపెట్టి బతికిపోయిన వాణ్ణి నేను.

కొనేముందు చూసుకోండి:

☐ ఒంటరి నవలా, సిరీసా? సిరీస్ అయితే ఇది ఎన్నో భాగం?
☐ యంగ్ అడల్టా, అడల్టా?
☐ వెనక అట్ట మీద ఒక్క కథ పేరే ఉందా, రెండు ఉన్నాయా?
☐ ‘స్లో బర్న్’ అని ఉందా? ఉంటే ప్రేమ మొలకెత్తడానికి సగం పుస్తకం పడుతుంది, తొందరపడకండి.
☐ శాంపిల్ పది పేజీలు చదివారా? వాక్యాలు మోయలేనంత బరువుగా ఉంటే ఇప్పటికి వేరేది చూడండి.

## 2. మూలకథ ముందు చదవండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. “సినిమా చూశాను కదా” అంటారు. మాట్లాడే టీ కెటిల్, గొప్పలు పోయే వేటగాడు గాస్టన్, రేకులు రాలుతూ గడువు చెప్పే గులాబీ, ఇవన్నీ 1991 నాటి డిస్నీ సినిమావి. పాత కథలో గులాబీ కేవలం కూతురు అడిగిన కానుక. సినిమానే మూలం అనుకుంటే రీటెల్లింగ్‌లో లేని మార్పులు కనిపిస్తాయి, ఉన్నవి జారిపోతాయి.

మీకు కావలసింది ఈ మూడింటిలో ఒకటి:

విల్‌నవ్ (1740). ఫ్రెంచి రచయిత్రి గాబ్రియేల్ సుజాన్ ద విల్‌నవ్ రాసినది. పెద్దది, వంద పేజీలు దాటుతుంది. బీస్ట్ పూర్వకథ, దేవకన్యల తగాదాలు అన్నీ ఇందులోనే.

బోమాన్ (1756). జాన్ మరీ లప్రాన్స్ ద బోమాన్ ఆ పెద్ద కథను పిల్లల కోసం కుదించి రాసినది. లోకమంతా పాకింది ఇదే. అరగంటలో అయిపోతుంది.

లాంగ్ (1889). ఆండ్రూ లాంగ్ ‘బ్లూ ఫెయిరీ బుక్’లోది. విల్‌నవ్ కథకు చిన్న రూపం, తేలిక ఇంగ్లీషు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఒక్కటే చదవగలిగితే బోమాన్ చదవండి.

## 3. ఎనిమిది గుంజలు రాసుకోండి

కథను పందిరి అనుకుంటే, అది నిలబడింది ఈ ఎనిమిది గుంజల మీద. నోటుబుక్‌లో ఎడమవైపు ఇవి రాయండి, కుడివైపు ఖాళీగా వదలండి.

1. ఓడలు పోయి వర్తకుడు దివాలా తీస్తాడు, కుటుంబం పల్లెకు చేరుతుంది.
2. ప్రయాణమవుతున్న తండ్రిని అక్కలు బట్టలూ నగలూ అడుగుతారు, చిన్నది ఒక గులాబీ చాలంటుంది.
3. బీస్ట్ తోటలో తండ్రి పువ్వు తెంపుతాడు, ప్రాణం మీదికి వస్తుంది. అతనికి బదులు చిన్న కూతురు వెళుతుంది.
4. కోటలో అన్నీ సమకూరుతాయి, మనుషులు కనపడరు. ఆమె కోసం పుస్తకాల గది ఉంటుంది.
5. ప్రతి రాత్రీ భోజనం దగ్గర బీస్ట్ ఒకే ప్రశ్న అడుగుతాడు. ఆమె కాదంటుంది.
6. తండ్రిని చూడటానికి సెలవు అడుగుతుంది. గడువు పెట్టి పంపుతాడు.
7. గడువు దాటిపోతుంది. బీస్ట్ చావుబతుకుల్లో ఉన్నట్టు కల వస్తుంది.
8. తిరిగొచ్చి ఒప్పుకుంటుంది. అతని రూపం మారుతుంది.

నవల చదువుతుంటే ఒక్కో గుంజ తగిలినప్పుడు కుడివైపు రెండు ముక్కలు రాయండి: ఉంచారా, జరిపారా, పీకేశారా? పేజీ నంబరు కూడా వేసుకోండి, తర్వాత వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఒక ఉదాహరణ. బోమాన్ కథలో అక్కలు అసూయపరులు. రాబిన్ మెకిన్లీ 1978 నవల ‘బ్యూటీ’లో అక్కలిద్దరూ మంచివాళ్లు, చెల్లెలంటే ప్రాణం పెడతారు. చిన్న మార్పే, కానీ ఆరో ఏడో గుంజలు మొత్తం కదులుతాయి. ఇంట్లో అందరూ ప్రేమించేవాళ్లే అయితే అక్కణ్ణుంచి తిరిగి కోటకు వెళ్లడం ఇంకా కష్టం. అలాంటి చోట పెన్సిల్ ఆగాలి.

## 4. మొదటి యాభై పేజీలు: తెలిసిన మాటలే మోసం చేస్తాయి

ఇక్కడే చాలామంది వదిలేస్తారు. తెలియని మాటలకైతే డిక్షనరీ ఉంది. ఇబ్బంది పెట్టేవి మనకు తెలుసనుకునే మాటలు.

- గ్లామర్: సినిమా గ్లామర్ కాదు. కళ్లకు కమ్మే మాయ, కనికట్టు.
- కోర్ట్: కేసులు నడిచే చోటు కాదు. రాజు కొలువు, ఆ కొలువుకు కట్టుబడిన జనం, ఒక్కోసారి ఆ ప్రాంతమంతా.
- వార్డ్: ఆసుపత్రిది కాదు. మన దిగ్బంధనం లాంటి మంత్రపు కట్టు.
- బార్గెయిన్: కూరగాయల బేరం కాదు. తప్పితే శిక్ష పడే ఒప్పందం.
- ఫే: పువ్వు మీద వాలే బుల్లి రెక్కల పిల్ల కాదు. ఈ నవలల్లో మనిషంత ఎత్తు ఉంటారు, అందంగా ఉంటారు, ప్రమాదకరంగానూ ఉంటారు. ఇనుము వాళ్లకు పడదని పాత నమ్మకం.

చాలా నవలల్లో ఫే అబద్ధం ఆడలేరు. అందుకని నమ్మేయకండి. నిజమే చెబుతూ బోల్తా కొట్టిస్తారు, ‘అశ్వత్థామ హతః, కుంజరః’ పద్ధతిలో. వాళ్ల మాటల్లో ఏది చెప్పలేదో చూడండి. ముఖ్యంగా ఒప్పందం జరిగే పేజీని నెమ్మదిగా రెండుసార్లు చదవండి. క్లైమాక్స్ తరచుగా అక్కడి మాటల్లోని సందులోంచే వస్తుంది.

పేర్లు ఎలా పలకాలో తెలియక ఆగిపోతుంటే మీకు తోచినట్టు పలుక్కోండి, తప్పేం లేదు. మరీ అనుమానంగా ఉంటే ఆడియోబుక్ శాంపిల్ ఐదు నిమిషాలు వినండి. మ్యాప్ ఉంటే ఒక ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ప్రతి మాటకూ డిక్షనరీ తెరవకండి. ఒకే మాట మూడోసారి వస్తే అప్పుడు చూడండి.

## 5. మధ్యభాగం: రాత్రి ప్రశ్న దగ్గర ఆగండి

కథకు గుండెకాయ ఐదో గుంజ. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా చదివినా చదవనట్టే.

విల్‌నవ్ కథలో బీస్ట్ అడిగేది పెళ్లి గురించి కాదు. ఈ రాత్రి నీ పక్కన పడుకోనా అని మొరటుగా అడుగుతాడు. పిల్లలకు రాస్తున్న బోమాన్ దాన్ని ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’గా మార్చింది. ఆ పదహారేళ్లలోనే ఒక రీటెల్లింగ్ జరిగిపోయింది.

రెండు కథల్లోనూ మారనిది ఒకటుంది. ఆమె కాదంటుంది, అతను వెళ్లిపోతాడు. మర్నాడు మళ్లీ అడుగుతాడు, మళ్లీ వెళ్లిపోతాడు. బోమాన్ బీస్ట్ ఇంకో అడుగు ముందుకేసి, ఈ ఇంటికి యజమానురాలివి నువ్వే, నేనుండటం ఇబ్బందైతే చెప్పు, వెంటనే పోతాను అంటాడు. అయినా ఆమె అక్కడికి వచ్చింది తండ్రి ప్రాణానికి బదులుగా. అంటే ‘కాదు’ అనే హక్కు ఉంది, వెళ్లిపోయే హక్కు లేదు. ఈ రెంటి మధ్య ఇరుకులోనే మూడు శతాబ్దాలుగా రచయితలు పని చేస్తున్నారు.

బంధించినవాడితో ప్రేమేంటి అనే ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అడిగేసి పుస్తకం మూసేయకుండా పుస్తకంలోనే జవాబు వెతకండి:

☐ ఇక్కడ ప్రశ్న ఎవరు అడుగుతున్నారు? అతనా, ఆమెనా? అసలు ప్రశ్నే లేదా?
☐ కాదంటే ఏమవుతుంది? అతను నిజంగా ఆగుతున్నాడా?
☐ తలుపు తెరిచే ఉందా? ఆమెకు ఆ సంగతి తెలుసా?
☐ అతనికి తెలిసి ఆమెకు తెలియనిది ఏమిటి?
☐ ఆమె మనసు మారింది ఏ పేజీలో? మారడానికి కారణం అతని అందమా, మాటా, చేసిన పనా?

మూడో గుంజను కూడా ఈ ప్రశ్నలతోనే పరీక్షించండి. బోమాన్ కథలో ఆమె తనంతట తాను వెళుతుంది. ఆంజెలా కార్టర్ 1979లో ప్రచురించిన రీటెల్లింగ్, ‘ద టైగర్స్ బ్రైడ్’ అనే చిన్న కథలో తండ్రి పేకాటలో కూతుర్ని ఒడ్డి ఓడిపోతాడు. ధర్మరాజు జూదం తెలిసినవాళ్లకు ఆ మొదటి పేజీ ఎంత వేడిగా తగులుతుందో చెప్పక్కర్లేదు.

### మనకు మాత్రమే వచ్చే ఒక చిక్కు

మనం శాపాలూ శాపవిమోచనాలూ వింటూ పెరిగాం. అహల్య, గజేంద్రమోక్షంలో మొసలి. అక్కడ విముక్తి ఇచ్చేది దేవుడు, ఆయనకు సందిగ్ధం ఉండదు. ఆ అలవాటుతో చదివితే ఈ కథలో అమ్మాయిని శాపం తీర్చే పనిముట్టుగా చూసేస్తాం, “ఒప్పుకుంటే పోలా!” అని విసుక్కుంటాం కూడా.

ఇక్కడ లెక్క వేరు. శాపం పోవాలంటే ఆమె తనంతట తాను ఒప్పుకోవాలి, ఆ షరతు ఆమెకు చెప్పకూడదు. బోమాన్ కథలో బీస్ట్‌కు ఇంకో నిషేధం ఉంది: తన తెలివిని బయటపెట్టకూడదు. అంటే రూపమే కాదు, మాటకారితనమూ పోయింది. అతను మందబుద్ధిలా మాట్లాడుతుంటే అది రచన లోపం కాదు, శాపంలో భాగం. రీటెల్లింగ్‌లో బీస్ట్ చమత్కారంగా మాట్లాడుతున్నాడంటే రచయిత ఆ రెండో నిషేధాన్ని ఎత్తేశారన్నమాట. రాసుకోండి.

మనకు దగ్గరి చుట్టం కావాలంటే పంచతంత్రం కొన్ని ప్రతుల్లో ఉన్న పాము పెళ్లికొడుకు కథ చూడండి. రాత్రి పాము శరీరం వదిలి యువకుడు బయటికొస్తాడు, ఆ పాము చర్మాన్ని తండ్రి మంటలో పడేస్తాడు. అక్కడ రూపం మార్చింది తండ్రి చెయ్యి, ఇక్కడ అమ్మాయి మాట.

## 6. పుట్టిల్లు: ఉల్లిపాయ ఎవరి చేతిలో ఉంది?

బోమాన్ కథలో సెలవు వారం రోజులు. చెల్లెలు మొదట కోటకు బయల్దేరినప్పుడు కళ్లకు ఉల్లిపాయ రుద్దుకుని ఏడ్చిన అక్కలే, ఇప్పుడు మళ్లీ దొంగ ఏడుపు ఏడ్చి ఆమెను ఆపేస్తారు. రీటెల్లింగ్‌లో ఆ ఉల్లిపాయ స్థానంలో ఏముందో కనుక్కోండి: యుద్ధమా, తండ్రి జబ్బా, పాత ప్రియుడా, ఆమె సొంత అనుమానమా? గడువు దాటడం ఇతరుల కుట్ర వల్లయితే ఆమె అమాయకురాలు. తన నిర్ణయమైతే ఆమెకు బరువు ఉంటుంది, ఎనిమిదో గుంజ ఇంకా గట్టిగా నిలుస్తుంది. కొన్ని సిరీస్‌లలో మొదటి భాగం ఇక్కడే తెగుతుంది కాబట్టి రెండో భాగం దగ్గర పెట్టుకోవడం మంచిది.

## 7. రూపం మారే పేజీ

“బీస్ట్‌గానే బాగున్నాడు, రాజకుమారుడు తేలిపోయాడు.” ఇది మీ ఒక్కరి అసంతృప్తి కాదు. ఇదే కథతో జాన్ కాక్తో తీసిన 1946 నాటి ఫ్రెంచి సినిమాలో హీరోయిన్ కూడా కొత్త ముఖాన్ని చూసి కాస్త తటపటాయిస్తుంది. కార్టర్ కథలో అతను మారడు, ఆమే పులిగా మారుతుంది. విల్‌నవ్ కథలో ఆ రాత్రి గడిచి తెల్లారాక పక్కన రాజకుమారుడు కనిపిస్తాడు. ఆ తర్వాత అతని తల్లి వచ్చి, వర్తకుడి కూతురు మాకు తగదంటుంది. పిల్ల నిజానికి రాజవంశమేనని తేలాకే గొడవ సద్దుమణుగుతుంది. మన సీరియల్ అత్తగార్లకు తీసిపోని ఘట్టం.

కాబట్టి చివరి పేజీల్లో చూడాల్సింది వరస. ఆమె ఒప్పుకున్నది మార్పుకు ముందా, తర్వాతా? మార్పు అతనికి బహుమానమా, ఆమెకా? మారాక ఇద్దరూ ఒక్క పూటైనా మామూలుగా మాట్లాడుకున్నారా? ఆ మాటలు లేకుండా పెళ్లి బాజాతో తెర దించేస్తే నేనైతే ఒక మార్కు తగ్గిస్తాను.

## 8. తరచుగా జరిగే తప్పులు, సర్దుకునే దారి

వంద పేజీల దగ్గర ఆగిపోయారు. గుంజల జాబితా తీయండి. నాలుగో గుంజ దాకా వచ్చి ఉంటే ఐదోది వచ్చేవరకు చదవండి, అప్పటికీ పట్టకపోతే నిస్సంకోచంగా వదిలేయండి. రెండో గుంజ కూడా రాలేదంటే అది బహుశా మూడో రకం పుస్తకం, పాత కథ కోసం ఎదురుచూడటం మానేసి కొత్త కథగా చదవండి.

ప్రేమ ఘట్టాల కోసం పేజీలు దూకించారు. దూకిన చోటే ఒప్పందం ఉండి ఉంటుంది. వెనక్కి వెళ్లి ఆ ఒక్క అధ్యాయం చదివితే చాలు.

రివ్యూలు ముందే చదివేశారు. ముగింపు తెలిసినా నష్టం లేదు, ఎలాగూ తెలిసిందే. తెలియకూడనిది శాపం షరతు. అది తెలిసిపోతే ఐదో గుంజ దగ్గర అమ్మాయితో పాటు చీకట్లో ఉండే అవకాశం పోతుంది. అలాంటప్పుడు కనీసం బీస్ట్ వైపు నుంచి చదవండి, దాచిపెట్టడం ఎంత కష్టమో చూస్తూ.

వరసగా ఐదు రీటెల్లింగ్స్ చదివి అన్నీ ఒకేలా ఉన్నాయన్నారు. ఉంటాయి. మధ్యలో వేరే ఏదైనా చదవండి, డిటెక్టివ్ నవలైనా సరే.

## 9. చదవడం అయ్యాక పావుగంట

నోటుబుక్ కుడివైపు చూడండి. ‘పీకేశారు’ అని రాసిన గుంజ దగ్గర పందిరి దేని మీద నిలబడిందో ఒక్క వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ తిరగేయండి. మీరు వదిలేసి ఉండొచ్చు, రచయితే వదిలేసి ఉండొచ్చు కూడా.

స్నేహితులతో కలిసి చదివితే ఇంకా బాగుంటుంది. అందరికీ ఒకే జాబితా ఇచ్చి, ఒకరి పేజీ ఒకరు చూడకుండా నింపమనండి. ఏడో గుంజ దగ్గర తప్పకుండా గొడవవుతుంది. టీ ముందే పెట్టుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే వరస ఇది: శనివారం సాయంత్రం బోమాన్, ఆ తర్వాత రెండు వారాలు మెకిన్లీ, అప్పుడు ఒక రాత్రి కార్టర్. కార్టర్ పెద్దలకే. విల్‌నవ్ చివర్లో చదవండి. అందరికంటే ముందు రాసిన ఆవిడ అందరికంటే ఎక్కువ స్వేచ్ఛ తీసుకుందని అప్పుడు కనిపిస్తుంది.